గింజల పళ్లెమా, నీళ్ల మూకుడా?

పిట్టల చేష్టలు చూసి హాయిగా నవ్వుకోవడానికైతే నీళ్ల మూకుడే మేలు. గింజలకు పిచ్చుకలు, పావురాలు త్వరగానే అలవాటవుతాయి. కానీ పావురాల గుంపు దిగిందంటే పిచ్చుకలకు చోటుండదు. ఒక పూటకు సరిపడా గుప్పెడే వేయండి. మిగిలినవి తడిసి బూజు పడితే పక్షులకు జబ్బు.

నీళ్లకైతే గింజలు ముట్టని తేనెపిట్టలూ వస్తాయి. అసలు వినోదం ఇక్కడే! గోరింక అంచున కూర్చుని ముక్కు ముంచుతుంది, తల విదిలిస్తుంది, ధైర్యం చిక్కాక రెక్కలతో సగం నీళ్లు బయటికి చిమ్మేస్తుంది. పక్కనున్న పిచ్చుక తడిసి, ఎగిరిపోయి, మళ్లీ అక్కడికే వస్తుంది. కాకి ఎండు రొట్టెముక్క తెచ్చి శ్రద్ధగా నానబెట్టుకుంటుంది.

మూకుడు వెడల్పుగా, గరుకుగా ఉండాలి. అంచున 1–2 సెంటీమీటర్ల లోతు, నడుమ 5కి మించకూడదు. నున్నటి ప్లాస్టిక్‌పై కాళ్లు జారతాయి, చదునైన రాయి వేయండి. రోజూ నీళ్లు పారబోసి తోమకపోతే నాచు పడుతుంది, దోమలూ పుడతాయి. తడిసిన పిట్ట చప్పున ఎగరలేదు కనుక పిల్లి నక్కే పొదలకు 2–3 మీటర్ల ఎడం తప్పనిసరి.

రెండూ పెడితే దూరదూరంగా పెట్టండి, లేదంటే గింజల పొట్టు అంతా నీళ్లలోనే.