మూడేళ్లుగా పాత డెస్క్‌టాప్‌లోంచే ఇంటి ఫైల్స్ షేరింగ్, నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్, నాదో ల్యాప్‌టాప్, మా ఆవిడదో ల్యాప్‌టాప్. నాన్నగారు స్కాన్ చేయించిన పాత ఫొటోలు, పాప వీడియోలు అన్నీ డెస్క్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టి విండోస్ షేరింగ్ ఆన్ చేసి మూడేళ్లయింది. నాకైతే చాలా నచ్చింది, కానీ కుదురుకోడానికి టైమ్ పట్టింది.

ముందు రౌటర్ వెనక యూఎస్‌బీకి హార్డ్‌డిస్క్ తగిలించి చూశా. ఆ రౌటర్‌కి ఎస్‌ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైల్స్ పంచుకునే పాత పద్ధతి) ఒక్కటే వచ్చు, 2017 చివరి అప్‌డేట్ నుంచి విండోస్ 10 కొత్తగా వేస్తే అది అసలు ఉండదు, లేదా కొన్నాళ్లు వాడకపోతే తనంతట తనే పోతుంది. మళ్లీ ఆన్ చేసుకోవచ్చు గానీ ఫైల్స్ లాక్ చేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకింది ఆ దారినే, ఇంటి ఫొటోలున్న చోట అది వద్దనుకుని వదిలేశా.

తర్వాత డెస్క్‌టాప్. కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా దాని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్) మారేది, ఇక ల్యాప్‌టాప్‌లో షార్ట్‌కట్ నొక్కితే ఏమీ రాదు. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక మెషిన్‌కి ఎప్పుడూ ఒకే నంబర్ ఇమ్మనే సెట్టింగ్) ఇచ్చి డెస్క్‌టాప్‌కి 192.168.1.10 ఖాయం చేశా, నెట్‌వర్క్‌లో పేరు కనపడినా కనపడకపోయినా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఆ నంబర్ కొడితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. అలాగే వైఫై ప్రొఫైల్ పబ్లిక్‌లో ఉందేమో చూసి ప్రైవేట్‌కి మార్చండి, చాలామందికి అక్కడే ఆగిపోతుంది.

అసలు కష్టం మా ఆవిడ ల్యాప్‌టాప్ విండోస్ 11 ప్రో 24హెచ్2కి మారాక వచ్చింది. అప్పటిదాకా పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లేవాళ్లం, ఆ వెర్షన్ గెస్ట్‌ని ఒప్పుకోదు, ప్రతి కనెక్షన్‌కీ సైనింగ్ (డేటా మధ్యలో ఎవరూ మార్చలేదని రుజువు చేసే ముద్ర) అడుగుతుంది, గెస్ట్‌కి పాస్‌వర్డే లేదు కాబట్టి సైనింగ్ కుదరదు. సరేనని యూజర్‌నేమ్ ఇచ్చి డెస్క్‌టాప్‌లో రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొట్టా, తప్పంది, మళ్లీ కొట్టా, మళ్లీ తప్పే. రాత్రి పన్నెండయింది, పొద్దున్నే పాప స్కూల్ ప్రాజెక్ట్‌కి తాతయ్య ఫొటో కావాలి, అది ఆ ఫోల్డర్‌లోనే ఉంది. చివరికి తట్టింది, పిన్ ఆ ఒక్క మెషిన్‌కే పనిచేస్తుంది, నెట్‌వర్క్‌లో నడవదు, అసలు పాస్‌వర్డే కావాలి. డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ చేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్‌కి ఆ అకౌంట్‌నే యాడ్ చేసి, ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత ఎంట్రీ తీసేశా. అంతే, ఫొటో తెరుచుకుంది. సెక్యూరిటీ తగ్గించి గెస్ట్ ఆన్ చేసే దారి కూడా ఉంది, దయచేసి అటు పోకండి, అకౌంట్ చేయడానికి పది నిమిషాలు చాలు.

స్పీడ్ సంగతంటే, కేబుల్‌తో పెట్టినా సెకనుకి 11 ఎంబీ దాటేది కాదు. చూస్తే లింక్ 100 ఎంబీపీఎస్ అని ఉంది, అవి మెగాబిట్లు, ఎనిమిది బిట్లకి ఒక బైట్ కాబట్టి సెకనుకి 12 ఎంబీ చుట్టూనే. ఎస్పీ రోడ్‌లో కొత్త క్యాట్6 కేబుల్ కొని మార్చా, ఇప్పుడు 100 ఎంబీ పైనే వస్తోంది, గంట పట్టే 40 జీబీ వీడియోలు ఆరేడు నిమిషాల్లో కాపీ అవుతున్నాయి.