రాత్రి తొమ్మిది దాటాక ఏం వినిపిస్తుంది? బెంగళూరు నుంచి వెళ్లి మేం బస చేసిన చోట్లు

రిసార్టు బాగుందా లేదా అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది గది గురించి కాదు, స్విమ్మింగ్ పూల్ గురించీ కాదు, రాత్రి తొమ్మిది దాటాక అక్కడ ఏం వినిపిస్తుందో చెప్తాను. మేం ఉండేది మారతహళ్లిలో. కిటికీ తీస్తే రింగ్ రోడ్డు హారన్లు, మూస్తే పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్. వారమంతా ఆ రొదలో ఉండి, ఇద్దరం సెలవులు కుదుర్చుకుని, పిల్లల పరీక్షలు చూసుకుని, ఒంగోలు నుంచి అత్తయ్యనీ మామయ్యనీ రప్పించుకుని, మనిషికి వేలకు వేలు పెట్టి వెళ్లేది చెవులకీ కళ్లకీ కాస్త విశ్రాంతి దొరుకుతుందనే కదా. అందుకే ఇక్కడ అన్నిటినీ ఆ లెక్కలోనే చూస్తున్నాను. స్పా ఉందా, బఫేలో ఎన్ని రకాలు పెడతారు అనేవి మీకు బుకింగ్ యాప్‌లోనే కనిపిస్తాయి.

ముందు నచ్చనిది చెప్పేస్తాను. కనకపుర రోడ్డు వైపు ఒక రిసార్టు, పేరు వద్దు. ఫొటోల్లో కొండ, చెరువు, మధ్యలో చెక్క కాటేజీలు. కొండ నిజంగానే ఉంది, కాటేజీలు కూడా శుభ్రంగానే ఉన్నాయి. శనివారం సాయంత్రానికి ఏదో కంపెనీ వాళ్ల టీమ్ అవుటింగ్ బస్సులు దిగాయి, లాన్‌లో డీజే మొదలైంది, పదకొండున్నర దాకా కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి. మామయ్య బీపీ మాత్ర వేసుకుని పెందలాడే పడుకునే మనిషి, లేచి మంచం మీద కూర్చుని "రాత్రంతా ఇంతేనా రా?" అని మా ఆయన్ని అడుగుతుంటే నాకు చాలా బాధేసింది. రిసెప్షన్‌లో అడిగితే వీకెండ్ కదా మేడం అన్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో స్పష్టంగా ఉంది, ఊరి బయట కదా ఎవరొచ్చి చూస్తారన్న ధీమా వాళ్లది. ఇప్పుడు ఎక్కడ బుక్ చేయాలన్నా ముందు ఫోన్ చేసి డే అవుటింగ్ ప్యాకేజీలు ఇస్తారా, మ్యూజిక్ ఎన్నింటికి ఆపుతారు అని అడుగుతాను. డే అవుటింగ్ ఉందంటే శని ఆదివారాలు ఆ చోటు జోలికి పోను.

ఇక అన్నిటికన్నా నాకు నచ్చింది కె.గుడి. చామరాజనగర్ జిల్లా బిళిగిరి రంగన బెట్ట అడవుల్లో క్యాతదేవర గుడి అనే చోట కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ల క్యాంపు ఉంది. కనకపుర, మళవళ్లి, కొళ్లేగాల మీదుగా యళందూరు చేరి అక్కడి నుంచి ఘాట్ ఎక్కాలి. అటవీ శాఖ చెక్‌పోస్టు దాటగానే ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి, ఇంట్లో వాళ్లకి చెప్పాల్సినవి యళందూరులోనే చెప్పేసుకోండి. చీకటి పడకముందే చెక్‌పోస్టు దాటేలా బయల్దేరాలి, అడవి దారిలో ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి, ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు.

బస గుడ్డ టెంట్లలో, వెనక బాత్రూం సిమెంటుతో కట్టినదే కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు. టీవీ లేదు, ఏసీ లేదు, ఆ ఎత్తులో అవసరమూ లేదు. వేసవిలో కూడా రాత్రి దుప్పటి కప్పుకోవాల్సిందే, డిసెంబరు జనవరిల్లో అయితే స్వెటర్లు, మంకీ క్యాపులు తప్పనిసరి. సాయంత్రం సఫారీ నుంచి వచ్చి అన్నం తిని టెంట్లోకి చేరాక, దీపం ఆర్పేసి పడుకున్నామో లేదో, తలవైపు గుడ్డకు అవతలే ఏదో పరపరా తెంపుతున్న చప్పుడు. చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెల్లగా జిప్పు కాస్త తీసి చూస్తే చుక్కల దుప్పులు, అరడజను దాకా, గడ్డి మేస్తున్నాయి, అందులో ఒకటి తలెత్తి మా వైపు చూసి మళ్లీ తల దించేసింది. క్యాంపు చుట్టూ కంచె లేకపోవడం వల్ల వచ్చిన భాగ్యం ఇది. రాత్రి పూట ఒంటరిగా నడవొద్దని వాళ్లు చెప్పేది కూడా అందుకే, డైనింగ్ దగ్గరికి వెళ్లాలన్నా టార్చి పట్టుకుని ఎవరో ఒకరు తోడొస్తారు. ఎక్కడో దూరంగా కణుజు, అంటే సాంబార్ జింక, ఒక్కసారి గట్టిగా అరిచింది, అది చిరుతనో పులినో చూసి అరిచే అరుపని పొద్దున్నే మాతో జీపులో వచ్చిన సోలిగ కుర్రాడు చెప్పాడు.

ఆ కుర్రాడి గురించి కొంచెం చెప్పాలి. సోలిగలు తరతరాలుగా ఈ కొండల్లోనే ఉంటున్నవాళ్లు. 2011లో ఈ అడవిని పులుల అభయారణ్యంగా ప్రకటించారు, అదే ఏడాది ఇక్కడి సోలిగ గ్రామాలకి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు కూడా దక్కాయి. పులుల అభయారణ్యం లోపల అలా హక్కులు వచ్చిన మొదటి వాళ్లు వీళ్లే. మాతో వచ్చిన అబ్బాయి పులిని చూపిస్తానని ఒక్క మాట కూడా అనలేదు. మట్టిలో అడుగుజాడ చూపించి ఎలుగుబంటిది అన్నాడు, చెట్టు బెరడు మీద గీతలు చూపించాడు, ఉసిరి చెట్టు దగ్గర జీపు ఆపించి కాయలన్నీ కోయం, కొన్ని దుప్పులకి వదిలేస్తాం అన్నాడు. మాకు పులి కనిపించలేదు. అడవిదున్నలు, రేచుకుక్కల గుంపు, ఒక ఒంటరి ఏనుగు కనిపించాయి, జీపు వెనక్కి తిరిగేటప్పుడు మా పెద్దోడు పులి ఊసే ఎత్తలేదు, రేచుకుక్కల గురించే అడుగుతున్నాడు. తిండి సాదాగా ఉంటుంది, రాగిముద్ద, పప్పు, కూరలు, చపాతీ, మాంసాహారం ఒకటి. అత్తయ్య ఆవకాయ సీసా తీసుకొచ్చారు కాబట్టి మాకు లోటు లేదు. మర్నాడు కొండ మీద రంగనాథస్వామి గుడికి కూడా వెళ్లాం, స్వామికి పెద్ద తోలు చెప్పులు చేయించి సమర్పించే ఆచారం ఉన్న గుడి ఇది, అంచున నిలబడితే కింద అడవంతా కనిపిస్తుంది.

కబిని నది ఒడ్డు అడవి పేరు మాత్రం అందరికీ తెలిసిందే. మైసూరు దాకా ఎక్స్‌ప్రెస్‌వే, అక్కడి నుంచి హెచ్.డి.కోటె మీదుగా కారాపుర, మొత్తం 220 కిలోమీటర్లకి అటూ ఇటూ. కబిని రివర్ లాడ్జ్ కూడా జంగిల్ లాడ్జెస్ వాళ్లదే, 1980లో ఆ సంస్థ పుట్టింది ఇక్కడి నుంచే, మైసూరు మహారాజుల వేట బంగళా ఉన్న ఆవరణ. చుట్టుపక్కల ప్రైవేటు రిసార్టులు బోలెడు వచ్చాయి, కొన్నిటి రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. బుక్ చేసే ముందు ఒక విషయం తెలుసుకోవాలి: ఇక్కడ రిసార్టు అతిథులకి జీపు సఫారీ, బోటు సఫారీ నడిపేది జంగిల్ లాడ్జెస్ వాళ్లే. ఎంత ఖరీదైన రిసార్టులో దిగినా వెళ్లేది అదే అడవికి, ఎక్కేది వాళ్ల బండే. కాబట్టి ఎక్కువ డబ్బు పెడితే గది బాగుంటుంది, పూల్ బాగుంటుంది, ఏనుగులు మాత్రం అవే. జంగిల్ లాడ్జెస్ ప్యాకేజీలో భోజనాలు, సఫారీ అన్నీ కలిపి మనిషికింత అని రేటు ఉంటుంది, ప్రైవేటు వాటిలో చాలాచోట్ల గదికి ఒక రేటు చెప్పి సఫారీ విడిగా కలుపుతారు, రెండిటినీ పోల్చేటప్పుడు ఆ తేడా లెక్కేసుకుని చూడండి.

ఎండాకాలంలో వెళ్లండి, నా మాట వినండి. అందరూ చలికాలం బాగుంటుందంటారు కానీ కబిని అసలు రూపం మార్చి నుంచి మే వరకే. 1970లలో కట్టిన డ్యామ్ వెనక నీళ్లు ఆ నెలల్లో తగ్గిపోయి, బయటపడ్డ నేల మీద లేత గడ్డి మొలుస్తుంది, దానికోసం రెండు పక్కలా ఉన్న నాగరహొళె, బండీపుర అడవుల నుంచి ఏనుగులు మందలు మందలుగా దిగుతాయి. మేం బోటులో వెళ్లినప్పుడు ఒడ్డున ముప్పై దాకా ఉంటాయేమో, బోటు నడిపే ఆయన ఇంజను ఆపేశాడు. ఒక గున్న ఏనుగు తొండంతో మట్టి ఎత్తి వీపు మీద చల్లుకోవాలని చూస్తోంది, మట్టి సగం మొహం మీదే పడుతోంది, తల్లి కాలు అడ్డం పెట్టి దాన్ని నీటి అంచు నుంచి వెనక్కి తోస్తోంది. బోటులో ఇరవై మందిమి ఉన్నాం, ఒక్కరు మాట్లాడలేదు. నీళ్లలో మునిగి ఎండిపోయిన పాత చెట్ల మోడుల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి, బురద గట్ల మీద మొసళ్లు. జీపులో ఎగుడుదిగుళ్లకి నడుం పట్టేసే వయసు వాళ్లకి బోటే మంచిది, మామయ్య జీపు వద్దనుకుని బోటు ఎక్కారు, ఏనుగుల్ని చూసింది కూడా ఆయనే ఎక్కువ.

లోపం కూడా చెప్తాను. సెలవుల్లో జనం మరీ ఎక్కువ, పులి కనిపించిందని తెలిస్తే జీపులన్నీ ఒకేచోట చేరతాయి, కెమెరా లెన్సులవాళ్లు ముందు సీట్లకోసం వాదించుకుంటారు. మంగళ బుధవారాల్లో వెళ్లగలిగితే అదే అడవి ఇంకోలా ఉంటుంది. ఇంకొకటి, 2025 నవంబరులో చుట్టుపక్కల ఊళ్లలో పులుల దాడుల్లో మనుషులు చనిపోయాక బండీపుర, నాగరహొళెల్లో సఫారీలు ఆపేశారు. ప్రాణాలు పోయినప్పుడు అడవి సిబ్బందిని ఊళ్ల కాపలాకి పంపడమే న్యాయం, మన సఫారీ ఎప్పుడైనా చేసుకోవచ్చు. అయితే సఫారీ కోసమే వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందు ఆ రోజుల్లో నడుస్తోందో లేదో, ఆగిపోతే డబ్బు తిరిగిస్తారో లేదో ఫోన్లో అడిగి తీరాలి.

భీమేశ్వరి గురించి క్లుప్తంగా. బెంగళూరుకి వంద కిలోమీటర్లే, కావేరి ఒడ్డున చెట్ల కింద కాటేజీలు, పుట్టిలో షికారు, జిప్ లైన్, పిల్లలకి సరదా. ఒకప్పుడు గాలం వేసి పెద్ద మహసీర్ చేపలు పట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు, ఇప్పుడది లేదు, కావేరిలో ఉండే మూపురం మహసీర్ అంతరించిపోయే దశకి చేరింది. నది చూడ్డానికి నెమ్మదిగా కనిపిస్తుంది కానీ అడుగున రాళ్లు, సుడులు, మొసళ్లు ఉన్నాయి, స్టాఫ్ చెప్పిన చోట తప్ప నీళ్లలో దిగొద్దు. ఒక్క రాత్రికి చాలు.

కొడగులో (కూర్గ్) రిసార్టులకన్నా హోమ్‌స్టేలే నాకు ఇష్టం. కాఫీ తోట మధ్యలో ఇల్లు, ఆ ఇంటావిడే వండి పెడుతుంది, కడంబుట్టు అని బియ్యపు రవ్వ ఉండలు, అక్కి రొట్టె, తినేవాళ్లకి పందికూర. మార్చి ఏప్రిల్‌లో ఒక్క మంచి వాన పడ్డాక వారం పది రోజుల్లో తోటంతా ఒకేసారి తెల్లగా పూస్తుంది, వాసన అచ్చం మల్లెపూల వాసనే, ఉదయం తలుపు తీయగానే ఇల్లంతా నిండిపోతుంది. ఆ పూత నాలుగైదు రోజులకి మించి ఉండదు కాబట్టి హోమ్‌స్టే వాళ్లనే వాన పడగానే చెప్పమని అడిగి పెట్టుకోండి, మాకు అలాగే చెప్పారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జలగలు, తోటలో నడిస్తే సాక్సుల్లోకి దూరతాయి, ఉప్పు దగ్గర పెట్టుకోవాలి. చూడ్డానికి వానాకాలమే అందం, చిన్నపిల్లలతో మాత్రం కష్టం.

బండీపుర మీదుగా ఊటీ వైపో వయనాడు వైపో వెళ్లేవాళ్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి రోడ్డు మూసేస్తారని గుర్తుంచుకోవాలి. 2009 నుంచి ఉన్న నిబంధన ఇది. మంచి నిబంధన, ఎన్ని జంతువుల్ని కాపాడుతోందో.

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు గది నుంచి భోజనం దగ్గరికి ఎన్ని మెట్లు, వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, వేడినీళ్లు ఏ టైములో వస్తాయి, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి డ్రైవరుకి బస ఉందా, ఇవన్నీ అడగండి. చికాకు పడకుండా జవాబు చెప్పిన చోట అక్కడికి వెళ్లాక కూడా బాగానే చూసుకున్నారు.

ఇంత ఖర్చు పెట్టలేం అనుకునేవాళ్లకి హార్స్‌లీ కొండలు ఉన్నాయి, మనవాళ్లు ఎందుకో దీన్ని చిన్నచూపు చూస్తారు. హొసకోటె, చింతామణి మీదుగా మదనపల్లె, అక్కడి నుంచి గంటలోపే కొండపైకి. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి బంగళా కట్టుకున్న చోటు, 4,000 అడుగులకి పైన, మండు వేసవిలో కూడా సాయంత్రానికి గాలి బండ మీద కూర్చుంటే చల్లగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ టూరిజం వాళ్ల హరిత గదులు పాతవి, బాత్రూం కుళాయిలు కొన్ని వదులుగా ఉన్నాయి, ఏసీ లేని గది తీసుకున్నా ఇబ్బంది లేదు. క్యాంటీన్లో మన అన్నం, మన పప్పు, మన రసం, పిల్లలు మారు వడ్డించుకున్నారు. శనివారం కొంచెం గోల ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నానికి అందరూ దిగిపోతారు, మేం ఆదివారం ఎక్కి సోమవారం ఉన్నాం, రాత్రి యూకలిప్టస్ చెట్ల గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. అనంతపురం, కడప, చిత్తూరు వైపు అమ్మానాన్నలున్న బెంగళూరు వాళ్లు వాళ్లని అటు నుంచి రమ్మని, మీరు ఇటు నుంచి వెళ్లి కొండ మీద కలుసుకోవచ్చు, ఎవరికీ ప్రయాణం భారం కాదు. మా అక్కావాళ్లు అనంతపురం నుంచి అలాగే వచ్చారు, వచ్చే వేసవికి కూడా అక్కడే అనుకున్నాం.