పదహారు డాలర్ల సగ్గుబియ్యం, పక్కన ఎండురొయ్యల వాసన

సింగపూర్‌లో మిగతా రోజులు సాఫీగా గడిచిపోయాయి. గార్డెన్స్ బై ది బే బాగుంది, సెంటోసాలో ఎండ మాడ్చేసింది, ఎమ్మార్టీ రైళ్ళు టైముకొచ్చాయి. ఇది రాయడానికి కూర్చున్నది మాత్రం మరీనా బే దగ్గర ఒక పెద్ద రెస్టారెంట్లో తిన్న రాత్రి భోజనం ఇంకా కడుపులో మండుతుండబట్టే.

మా మరిది సింగపూర్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు. "వదినా, ఇడ్లీ సాంబారు ఎప్పుడూ ఉండేవే, ఒక్కసారి మంచి ఏషియన్ ఫ్యూజన్ తిందురుగాని రండి" అని ముందే టేబుల్ బుక్ చేశాడు. మేమిద్దరం, మరిది, మా అత్తగారు. మామగారు పోయిన దగ్గర్నుంచి ఆవిడ నీచు ముట్టరు. ఆ సంగతి బుకింగులో రాశాడు, కూర్చోగానే నోటితోనూ చెప్పాడు. వడ్డించే అమ్మాయి తల ఊపి రాసుకుంది.

మేం ఇంకా మెనూ తెరవకముందే వేయించిన వేరుశెనగలు, నలుగురికీ తడి తువ్వాళ్ళు, రెండు సీసాల నీళ్ళు వచ్చేశాయి. మర్యాద చూసి మావారు తెగ మురిసిపోయారు.

పీత మాంసం పెట్టిన బావో బన్నులు (34 సింగపూర్ డాలర్లు) ముందొచ్చాయి. నిజం చెప్పాలి, అవి అద్భుతం. చిల్లీ క్రాబ్ పులుసుని దగ్గరగా ఇగరబెట్టి, బయట కరకరలాడేలా వేయించిన బన్నులో కూరారు. తీపి, పులుపు, ఆ వెనకాలే కారం. తర్వాత మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) పూసిన కాడ్ చేప (48) కూడా బాగానే ఉంది.

అత్తగారి కోసం చెప్పిన తూటికూర వేపుడు వచ్చింది. పేరు కంగ్‌కోంగ్, ధర 22. ఆవిడ గరిటె ముంచారు, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు, తిరిగి పళ్ళెంలో పెట్టేశారు. "ఒరే, ఇందులో ఎండురొయ్యలున్నాయి" అన్నారు కొడుకుతో. బందరు మనిషి, ఒకప్పుడు వారానికి రెండుసార్లు ఎండురొయ్యలు వండిన చెయ్యి, ఆ వాసన ఎలా పట్టకుండా ఉంటారు? అడిగితే అమ్మాయి చల్లగా చెప్పింది, మాంసం లేదండీ, రుచికి బెలాచాన్ మాత్రమే వేశాం అని. చిట్టిరొయ్యల్ని ఉప్పుతో పులియబెట్టి ఎండబెట్టిన ముద్ద అది. కోడీ, మేకా, పందీ లేకపోతే వాళ్ళ లెక్కలో అది కూరగాయల వంటకమే! వరుసగా అన్నీ అడిగాం. ఫ్రైడ్ రైస్‌లో (26) చేపల సాస్. వంకాయ (24) మీద పోసిన రసంలో ఎండుచేప తురుముతో కాచిన దాషి అనే జపాన్ చారు. ఆఖరికి ఆవిడకి దక్కింది ఉత్త తెల్లన్నం, అది మాత్రం ఊరికే ఇచ్చారు. మరిది ముఖం చూడలేకపోయాను.

ఒక్క సగ్గుబియ్యం ఆవిణ్ణి కాపాడింది. ఉడికించిన సగ్గుబియ్యం మీద చిక్కటి కొబ్బరిపాలు, ఆ పైన నల్లగా కారుతున్న గులా మెలాకా. కొబ్బరిగెల నీరాని కాచి చేసే బెల్లమట అది, కాస్త పొగ వాసనతో భలేగా ఉంటుంది. రెండు కప్పులు తెప్పిస్తే ఒకటి పూర్తిగా ఆవిడే తిన్నారు. కప్పు 16 డాలర్లు.

మా లెక్క ప్రకారం అన్నీ కలిపి 186. బిల్లు 258.98! వేరుశెనగలు 6, తువ్వాళ్ళు తలా ఒకటిన్నర, నీళ్ళ సీసా ఒక్కోటి 9. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. అంటే సర్వీస్ చార్జి మీద కూడా పన్నే. మెనూ అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే రెండు ప్లస్ గుర్తులకి అర్థం ఇదీ. వంద డాలర్ల వంటకం చేతికొచ్చేసరికి 119.90 అవుతుంది. మన దేశంలో సర్వీస్ చార్జిని బిల్లులో బలవంతంగా కలపకూడదని 2022లో వినియోగదారుల ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ అదే ఖాయం చేసింది. అక్కడ మాత్రం ఆ వాదన చెల్లదు, అది చట్టబద్ధమే.

వేరుశెనగలు ముట్టలేదని చూపిస్తే మేనేజరు తీసేశాడు. తూటికూర తియ్యమంటే, వండేశాం కదా అన్నాడు. నేను గొంతు పెంచబోతే మావారు నా మోచెయ్యి గిల్లారు. కట్టింది 251.79, కార్డుకి డాలరు 68 చొప్పున పడి పదిహేడు వేల పైచిలుకు. టాక్సీలో ఎవరూ మాట్లాడలేదు.

కాబట్టి వెళ్ళేవాళ్ళు అడక్కుండా టేబుల్ మీద పెట్టినవన్నీ అప్పటికప్పుడే వెనక్కి పంపేయండి. తువ్వాలు ప్యాకెట్టు చింపితే డబ్బు పడ్డట్టే. శాకాహారులైతే "మాంసం వద్దు" అని ఊరుకోవద్దు. రొయ్యముద్ద, చేపల సాస్, ఆయిస్టర్ సాస్, దాషి అని ఒక్కోటీ పేరు పెట్టి అడగండి.

మర్నాడు లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ అనే తిండి దుకాణాల సముదాయానికి వెళ్ళాం. మసాలా దోసె 4 డాలర్లు, ప్లస్సులూ లేవు, మైనస్సులూ లేవు. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, లేకపోతే జరిమానా పడొచ్చు. ఆ సాయంత్రం బూగిస్ దగ్గర మిడిల్ రోడ్డులో ఫార్చూన్ సెంటర్ చూశాం. లోపల బౌద్ధుల పద్ధతి శాకాహార దుకాణాలు బోలెడు, చాలా చోట్ల ఉల్లీ వెల్లుల్లీ కూడా వెయ్యరు. అత్తగారు అక్కడ నూడుల్స్ రెండోసారి వడ్డించుకున్నారు. మరిది ఆఫీసువాళ్ళతో మళ్ళీ ఆ మరీనా బే రెస్టారెంట్‌కే వెళ్తాడట. పీత బన్నుల కోసమైతే నేనూ కాదనను. పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం నేరుగా ఫార్చూన్ సెంటర్‌కే పొండి.