పాత ఫ్లాట్‌ని బాగుచేయించాలంటే: మేస్త్రీనా, కాంట్రాక్టరా, ఇంటీరియర్ కంపెనీనా?

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల నాటి డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అనుకోండి. మన బాత్రూం కింద ఉన్నవాళ్ల సీలింగ్ తడుస్తోంది, వైరింగ్ మార్చాలి, వంటింట్లో కొత్త అరలు కావాలి, ఆఖర్న రంగులు. ఎవరికి అప్పజెప్పాలన్న మాట రాగానే అందరూ చదరపు అడుగు రేటు అడుగుతారు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను: ఆర్నెల్ల తర్వాత గోడ చెమ్మెక్కితే ఫోను ఎవరికి చేయాలి?

మేస్త్రీకి లేబర్ కాంట్రాక్టు ఇచ్చి సామాను మనమే కొనుక్కుంటే సాధారణంగా ఖర్చు తక్కువ. ఏ సిమెంటు, ఏ పైపు వాడారో మన కళ్లముందే ఉంటుంది. కాకపోతే సామాను తేవడమే ఒక ఉద్యోగం. పైపు మలుపుకి వేసే ఎల్బో ఒకటి తగ్గిందని పొద్దున్నే ఫోనొస్తుంది, మనం తెచ్చేదాకా మనుషులు ఖాళీగా కూర్చుంటారు. ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. టైల్స్ వేసేవాళ్లు, ప్లంబరు, ఎలక్ట్రీషియను ఎవరికి వారే. లీకు బయటపడితే ప్లంబరు టైల్స్ పనిని తప్పుపడతాడు, టైల్స్ అతను ప్లంబర్ని. ఇద్దరి మాటా నిజమేననిపిస్తుంది. పగలగొట్టించే ఖర్చు మాత్రం మనది.

అందుకే ప్లంబింగ్, టైల్స్ లాంటి తడి పని ఉన్నచోట మెటీరియల్‌తో కలిపి ఒకే కాంట్రాక్టరుకు ఇవ్వడమే మేలంటాను. మేస్త్రీకంటే ఎక్కువ అడుగుతాడు, ఆ ఎక్కువ అతని బాధ్యతకు ఇచ్చే ధర. ప్రమాదం కొటేషన్‌లో ఉంటుంది. ‘మంచి క్వాలిటీ ప్లైవుడ్’ అని రాస్తే ఏదైనా దిగుతుంది. సింకు కింద అరకు తడిని తట్టుకునే ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్, లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మామూలు ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకి 4 అని కంపెనీ పేరుతో సహా రాయించుకోవాలి. మలబా, అంటే పగలగొట్టిన చెత్త, ఎవరు ఎత్తించాలో కూడా అందులోనే ఉండాలి, లేకపోతే చివర్లో ట్రాక్టరు లెక్క మన నెత్తిన పడుతుంది. డబ్బు వారాల లెక్కన కాకుండా పని దశల లెక్కన ఇవ్వండి. బాత్రూంలో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నీళ్లు నిలబెట్టి కనీసం 24 గంటలు ఉంచాలి. కింది ఇంట్లోకి వెళ్లి సీలింగ్ చూసొచ్చాకే ఆ వాయిదా చేతికివ్వాలి. దీనికి గొణిగే కాంట్రాక్టరు మనకొద్దు.

ఇంటీరియర్ కంపెనీ సంగతి వేరు. త్రీడీ బొమ్మలు బాగుంటాయి, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. వాళ్ల బలమంతా ఫ్యాక్టరీలో కోసి, అంచులు మెషిన్ మీద అతికించి తెచ్చే అరల్లో ఉంది. సైటులో చేత్తో కోసిన పనికి ఆ నునుపు రావడం కష్టం. కానీ గోడలు పగలగొట్టే పనిని బయటి మేస్త్రీలకే ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. వారంటీ కాగితంలో చెక్కపని, బిజాగిరీలు కనిపిస్తాయి. బాత్రూం లీకు అందులో ఉందా అని వెతికి చూడండి. కాబట్టి వంటిల్లు, వార్డ్‌రోబులు వాళ్లకిచ్చినా, గోడలు, ప్లంబింగ్, టైల్స్ లాంటి సివిల్ పని విడిగా ముందే ముగించాలి. ప్లగ్గులు, కుళాయి పాయింట్లు ఎక్కడ రావాలో చూపే డ్రాయింగ్ మాత్రం గోడ కొట్టకముందే వాళ్ల దగ్గర తీసుకోవాలి. ఇది మరిచిపోతే కొత్త టైల్స్ మళ్లీ కోయాల్సిందే.

అమెరికాలో ఉండి ఇక్కడి ఫ్లాట్ బాగుచేయించేవారికి లేబర్ కాంట్రాక్టు అసలు పనికిరాదు. కాంట్రాక్టరుతో సంబంధం లేని ఇంజనీరు ఒకరికి ఫీజిచ్చి, దశదశకూ చూసి ఫొటోలు పంపమనడం మంచిది. బావమరిదికి అప్పజెప్తే డబ్బు మిగులుతుందేమో, చుట్టరికం మిగలకపోవచ్చు.

ఇక రంగులు. వీటికి పెద్ద కాంట్రాక్టరు అక్కర్లేదు, తెలిసిన పెయింటరుకు కూలి మాట్లాడి డబ్బాలు మనమే కొనొచ్చు. ఏ డబ్బా కొనాలో అతనే గట్టిగా చెబుతుంటే, డబ్బాల మీద పెయింటర్లకు కంపెనీలు కమీషన్‌లా ఇచ్చే టోకెన్ల సంగతి కూడా గుర్తుంచుకోండి.