చరిత్ర పరిశోధనకు ఏ డేటాబేస్? ఇన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో తెలుగు జిల్లాల చేనేత మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లు "ఏ డేటాబేస్ మంచిదండీ?" అని అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే: మీ సబ్జెక్టులో పేరున్నవాళ్ల వ్యాసాలు ఏ పత్రికల్లో వస్తాయి? ఆ పత్రికలు ఎక్కడుంటే మీరూ అక్కడే ఉండాలి. వైద్యం వాళ్లు పబ్‌మెడ్‌తో మొదలుపెడితే సగం పని అయినట్టే, అదీ ఉచితంగా. చరిత్రవాళ్లకు అంత సుఖం లేదు.

నేను ఎక్కువగా వాడింది జేస్టోర్, పరిశోధన పత్రికల పాత సంచికలు దాచే ఆన్‌లైన్ భాండాగారం. ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పాత సంచికలు, ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ ప్రొసీడింగ్స్, మోడర్న్ ఏషియన్ స్టడీస్ అందులో ఉన్నాయి. లైబ్రరీకి చందా లేకపోయినా ఉచిత ఖాతా తెరిస్తే 30 రోజుల్లో 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. దాని లోపలే ఉన్న సౌత్ ఏషియా ఓపెన్ ఆర్కైవ్స్‌లో బ్రిటిష్ కాలపు జనాభా లెక్కల సంపుటాలు ఎవరైనా చూసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

లోటు ఏమిటంటే, చాలా పత్రికల తాజా సంచికలు అందులోకి రావడానికి కొన్నేళ్లు పడుతుంది. పైగా మాకు ప్రాణం లాంటి ఇండియన్ ఎకనమిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ జేస్టోర్‌లో లేదు, సేజ్ అనే ప్రచురణ సంస్థ దగ్గర ఉంది. ఒక్కచోటే వెతికి "దీని మీద ఎవరూ పని చేయలేదు" అని సినాప్సిస్‌లో రాసేస్తే గైడ్ ముందు తల దించుకోవాల్సిందే. 2025లో కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలయ్యాక ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో సేజ్‌తో కలిపి 30 ప్రచురణ సంస్థల పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. ప్రైవేటు కాలేజీల స్కాలర్లకు ఇంకా ఆ అదృష్టం లేదు.

డేటాబేస్ ఏదైనా, వెతికే మాట సరిగ్గా పడాలి. కడపను ఇప్పటి ఇంగ్లిష్ స్పెల్లింగుతో కొడితే వచ్చేవి ఎక్కువగా ఈమధ్య వ్యాసాలే. పాత రికార్డుల మీద రాసినవాళ్లు 'కుడ్డపా' (Cuddapah) అనే రాస్తారు. అలాగే మసూలిపటం, వైజాగపటం, బెజవాడ, సీడెడ్ డిస్ట్రిక్ట్స్ (దత్త మండలాలు). పాత పేరు, కొత్త పేరు రెండూ ఇచ్చి మధ్యలో ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో OR అని పెడితే రెండు రకాలూ వస్తాయి.

ఇక శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ సిద్ధాంత గ్రంథాల భాండాగారం లేకపోతే నా పని ముందుకు సాగేది కాదు, విసుగు తెప్పించిందీ ఇదే. ఒక్కో థీసిస్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది: టైటిల్ పేజీ ఒక ఫైలు, సర్టిఫికెట్ ఒక ఫైలు, అధ్యాయానికో ఫైలు. నేను ముందు తెరిచేది చివర్లో ఉండే గ్రంథసూచి. ఏ ఆర్కైవ్స్‌లో ఏ ఫైళ్లు చూశారో అక్కడ బయటపడుతుంది. పాతవి చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు కాబట్టి లోపల మాట వెతకడం కుదరదు. తెలుగు థీసిస్‌లైతే ఇంకో తలనొప్పి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినవి తెర మీద చక్కగా తెలుగులో కనిపిస్తాయి. ఒక వాక్యం కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే అర్థం లేని గుర్తులు ప్రత్యక్షం. యూనికోడ్‌లో 'సాలెవారు' అని వెతికితే ఒక్క ఫలితమూ రాదు. పేజీలు తిప్పుకుంటూ కళ్లతో చదవడమే.

స్కోపస్ నాకు చదువుకోవడానికి పెద్దగా ఉపయోగపడలేదు. వ్యాసం మొత్తం ఉండదు, సారాంశమూ ఎవరు ఎవరిని ఉటంకించారన్న లెక్కా ఉంటాయి. ఆ రెండో పని గూగుల్ స్కాలర్‌తో ఉచితంగా అయిపోతుంది. కానీ "స్కోపస్ జర్నల్‌లో వేయిస్తాం, ఇంత కట్టండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చినప్పుడు స్కోపస్ అవసరమే. ఆ పత్రిక నిజంగా అందులో ఉందో లేదో దాని పత్రికల జాబితాలో చూసుకోవచ్చు, దానికి చందా అక్కర్లేదు. పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్ నంబరుతో (ఒక్కో పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెతకండి, పేర్లు కాపీ కొట్టే పత్రికలు ఉన్నాయి. పత్రిక కనిపించినా కవరేజీ ఏ సంవత్సరం దాకా ఉందో చూశాకే డబ్బు సంగతి మాట్లాడండి.