రెండున్నరేళ్లు వాడాక: ఆటిజం ఉన్న మా బాబుకి పాటీ కుర్చీ

మాది నల్లగొండ. మా బాబుకి ఇప్పుడు ఆరున్నరేళ్లు. ఆటిజం ఉందని మూడేళ్లప్పుడు తెలిసింది. మాటలు తక్కువ, మనం అడిగిన ప్రశ్ననే తిరిగి మనకి చెప్తాడు. నాలుగేళ్లు నిండాక పాటీ ట్రైనింగ్, అంటే పాస్‌కి, దొడ్డికి బాత్రూమ్‌లో కూర్చుని వెళ్లడం నేర్పడం మొదలుపెట్టాం. ఈ రెండున్నరేళ్లలో సంగీతం మోగే పాటీ కుర్చీ ఒకటి, ఏ హంగూ లేని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, కమోడ్ మీద పెట్టే చిన్న సీటు, కాళ్ల కింద పీట కొన్నాం. భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సెంటర్) కలిసే అమ్మలు ఏది కొనాలని అడుగుతుంటారు. అందుకే రాస్తున్నా.

సంగీతం కుర్చీ ఆన్‌లైన్‌లో 1,400 పెట్టి కొన్నాం. గిన్నెలో తడి పడగానే పాట వస్తుంది. మొదటి రోజే పాస్ పోశాడు. మేం సంతోషపడేలోపే పాట మోగింది, వాడు చెవులు మూసుకుని తడి కాళ్లతో బయటికి పరిగెత్తాడు. ఆ తర్వాత మూడు వారాలు స్నానానికి కూడా బాత్రూమ్‌లోకి రాలేదు. పాస్ పోస్తే ఆ చప్పుడు వస్తుందని వాడి మనసులో పడిపోయింది. పాటలంటే ఇష్టమున్న పిల్లలకి పనికొస్తుందేమో. మిక్సీకి, కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకునే పిల్లలున్న ఇంట్లోకి మాత్రం తేకండి. బ్యాటరీ తీసేసి వాడదామన్నా మా వాడు దాన్ని చూస్తేనే ఏడ్చాడు.

ప్లాస్టిక్ కుర్చీ మా ఊళ్లోనే ప్రకాశం బజార్‌లో 350కి దొరికింది. లోపలి గిన్నె బయటికి తీసి కడుక్కోవచ్చు. దీనిలో నాకు నచ్చింది దాని ఎత్తు. కూర్చుంటే అరికాళ్లు పూర్తిగా నేలకి ఆనుతాయి, మోకాళ్లు నడుం కంటే కొంచెం పైకి వస్తాయి. మన ఇండియన్ లెట్రిన్‌లో గొంతుక్కూర్చున్నట్టే. కాళ్లు గాల్లో వేలాడుతుంటే పిల్లలు ముక్కలేరు, పడిపోతామన్న భయంతో ఒళ్లంతా బిగబట్టుకుంటారు. లోపాలూ ఉన్నాయి. తడి నేల మీద జారుతుంది, కింద రబ్బరు మ్యాట్ వేయాల్సి వచ్చింది. మగపిల్లలకి ముందు వైపు అడ్డు సరిపోదు, సగం పాస్ బయటే పడుతుంది. ఏడాదిన్నరకి వాడికి ఇరుకైంది. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను.

మేం చేసిన పెద్ద తప్పు, మొదట ఈ కుర్చీని హాల్లో టీవీ ముందు పెట్టడం. ఎక్కువసేపు కూర్చుంటాడని అలా చేశాం. వాడు కూర్చున్నాడు, నేర్చుకున్నాడు కూడా. కానీ పాస్ అంటే టీవీ ముందే అని నేర్చుకున్నాడు. దాన్ని బాత్రూమ్‌లోకి మార్చడానికి ఇంకో నెల పట్టింది, రోజుకి రెండడుగులు జరుపుతూ వెళ్లాం. ఈ పిల్లలు ఒకసారి నేర్చుకున్నది అంత గట్టిగా పట్టుకుంటారు. చివరికి ఎక్కడ వెళ్లాలో, మొదటి రోజు నుంచీ అక్కడే పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. కుర్చీ ఏదైనా సరే, మలబద్ధకం ఉంటే ఏదీ పనిచేయదు.

మా వాడు పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఇంకేం తినేవాడు కాదు. నాలుగైదు రోజులకొకసారి దొడ్డికి వెళ్లేవాడు. మధ్యలో చెడ్డీకి నీళ్లలాగా మరకలు అయ్యేవి. విరేచనాలేమో అనుకుని రెండుసార్లు ఆ మందులే వేశాం. చివరికి ఒక పిల్లల డాక్టర్ పొట్ట నొక్కి చూసి, లోపల గట్టిగా పేరుకుపోయిందని, దాని పక్క నుంచి నీళ్లలాంటిది కారుతోందని చెప్పారు. ఒకసారి నొప్పి పుడితే పిల్లలు బిగబడతారు, బిగబట్టినకొద్దీ ఇంకా గట్టిపడుతుంది, మళ్లీ నొప్పి. నొప్పి పుడుతోందని వాడు చెప్పలేడు. మేమేమో మొండితనం అనుకుని కోప్పడ్డాం. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

ట్రైనింగ్ ఆపేసి, ముందు నొప్పి లేకుండా మెత్తగా వచ్చేలా చూడమన్నారు. సిరప్ నెలల తరబడి వాడాం. కాస్త బాగవగానే మనంతట మనం ఆపేయకూడదు, పెంచాలన్నా తగ్గించాలన్నా డాక్టర్‌నే అడగాలి. నీళ్ల దగ్గర ఇంకో ఇబ్బంది. ఫ్లోరైడ్ భయంతో మా ఇంట్లో ఫిల్టర్ నీళ్ల డబ్బానే తెప్పించుకుంటాం. వాడికి ఆ రుచే అలవాటు. దేవరకొండ దగ్గర మా అమ్మ వాళ్లింటికి వెళ్తే అక్కడి నీళ్లు ముట్టడు, మూడో రోజుకి మళ్లీ మలబద్ధకం. ఇప్పుడు బస్సులో మా డబ్బా నీళ్లు కూడా మోసుకెళ్తాం.

నొప్పి పోయాక కూడా వాడికి డైపర్ ఉంటేనే దొడ్డికి వచ్చేది. డైపర్ వేయించుకుని, తలుపు కర్టెన్ వెనక నిలబడేవాడు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం ఉన్న జాతీయ సంస్థకి వెళ్లినప్పుడు అక్కడ ఒక స్పెషల్ టీచరమ్మ చెప్పింది, డైపర్‌ని ఒక్కసారిగా లాక్కోవద్దని. మొదట డైపర్ వేసుకునే బాత్రూమ్‌లో నిలబడటం. తర్వాత డైపర్‌తోనే కుర్చీ మీద కూర్చోవడం. తర్వాత డైపర్‌కి కత్తెరతో చిన్న రంధ్రం, వారం వారం కొంచెం పెద్దది. చివరికి నడుము పట్టీ మాత్రమే మిగిలింది, ఒకరోజు అదీ లేకుండా కూర్చున్నాడు. దీనికే ఐదు నెలలు పట్టింది. ఒక సెంటర్‌లో అరగంట కదలకుండా కూర్చోబెట్టమన్నారు. అలా చేసిన వారం రోజులూ కుర్చీ చూస్తే తన్నేవాడు. మూడు నిమిషాలు చాలు, ఐదు దాటొద్దు. తిన్న పావుగంట, ఇరవై నిమిషాలకి కూర్చోబెడితే పేగులు వాటంతట అవే కదులుతాయి. రోజంతా వెంటపడే కంటే అది నయం.

పాస్ కోసం వారం రోజులు ఏ టైంకి తడుపుతున్నాడో క్యాలెండర్ మీద రాశాను. గంటంబావుకి అటూ ఇటూగా ఉంది. గంట కాగానే తీసుకెళ్లేదాన్ని. "పాస్ వస్తోందా?" అని అడిగితే "పాస్ వస్తోందా?" అనేవాడు. అందుకే అడగడం మానేసి "బాత్రూమ్‌కి పోదాం" అనడం మొదలుపెట్టాను. ఇంట్లో నేను పాటీ అని, అత్తమ్మ దొడ్డికి అని, మా ఆయన టాయిలెట్ అని అనేవాళ్లం. ముగ్గురం ఒక్క మాటకి వచ్చాం. మాట రాని పిల్లాడికి, బడిలో పిల్లలు పాస్‌కి చూపించే చిటికెన వేలు నేర్పుదామన్నది అత్తమ్మే. తీసుకెళ్లిన ప్రతిసారీ వాడి వేలు పట్టుకుని లేపేది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉంటే, "బిడ్డా, ఇటు రా, పిల్లగాడు వేలు సూపిస్తుండు" అని పిలిచింది. ఎవరూ అడగకుండా వాడు చెప్పిన మొదటి అవసరం అది.

బొమ్మల కార్డులు కొన్నవి దండగ. అందులోని బాత్రూమ్ మా బాత్రూమ్‌లా లేదు, వాడికి సంబంధం తెలియలేదు. మా తలుపు, మా కుర్చీ, మా మగ్గు, మా సబ్బు ఫోన్‌లో ఫొటోలు తీసి, జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి గోడకి అంటించాను. అవి ఇప్పటికీ చూస్తాడు. మే నెలలో మాత్రం ఒక జాగ్రత్త: మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు సలసల కాగుతుంటాయి. ఒకసారి కడిగేటప్పుడు చుర్రుమని, రెండు రోజులు కుర్చీ ఎక్కలేదు. బకెట్‌లో పొద్దున్నే నీళ్లు పట్టి పెట్టుకోండి.

కమోడ్ సీటు ఐదో ఏడు దాటాక తెచ్చాం. పక్కన పట్టుకునే పిడులు, కింద జారకుండా రబ్బరు ఉన్నదే తీసుకోండి. ప్లాస్టిక్ స్టూల్ ఊగుతుందని వడ్రంగితో కర్రపీట చేయించాం. ఫ్లష్ చప్పుడుకి భయం, వాడు బయటికి వచ్చాకే నొక్కుతాం.

ట్రైనింగ్ కాలేదని ఒక ప్లే స్కూల్ వాళ్లు చేర్చుకోలేదు. అప్పుడు చాలా బాధపడ్డాను. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, పగలంతా చెడ్డీ పొడిగానే ఉంటుంది. దొడ్డికి మాత్రం మా ఇంట్లో, అమ్మ వాళ్లింట్లోనే వెళ్తాడు. బడిలో ఇంకా వెళ్లడం లేదు. రాత్రిళ్లు పక్క తడుపుతాడు, రబ్బరు షీట్ వేస్తాం, దాని గురించి వాడిని ఏమీ అనం. పోయిన వారం బడి బాత్రూమ్‌కి కూడా ఫొటోలు తీసి టీచర్‌కి ఇచ్చాను. ఆ ప్లాస్టిక్ కుర్చీ గిన్నె అంచు పగిలింది కానీ కుర్చీ గట్టిగానే ఉంది, అమ్మ వాళ్లింట్లో ఉంచాం.