ల్యాబ్రడూడుల్ బొచ్చుకు పొడవు పళ్ల స్లికర్ బ్రష్

ల్యాబ్రడార్, పూడుల్ జాతులు కలిసిన ల్యాబ్రడూడుల్ కుక్కల్లో, ఒకే ఈతలో పుట్టినా, ఒక్కోదాని బొచ్చు ఒక్కోలా ఉంటుంది. ఉంగరాల బొచ్చు వచ్చినవాటికి ఈ బ్రష్‌కు సాటి లేదు. కొస వంగిన సన్నని తీగ పళ్లు మెత్తని దిండు మీద గుచ్చి ఉంటాయి. నొక్కితే దిండు దిగి, చర్మం మీద ఒత్తిడి తగ్గుతుంది. పొట్టి పళ్లది మాత్రం కొనకండి: పైన నున్నగా కనిపిస్తుంది, అడుగున బొచ్చు అట్టకడుతుంది.

బొచ్చును ఒక చేత్తో పైకెత్తి, పాయ తర్వాత పాయ, కొసల నుంచి కుదుళ్ల వైపు దువ్వుతూ రావాలి. తర్వాత స్టీలు దువ్వెన చర్మం దాకా దిగి, ఎక్కడా తగులుకోకుండా జారితేనే పని అయినట్టు. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద ముందు చూడండి. చిక్కులుండగానే స్నానం చేయిస్తే అవి ఇంకా బిగుస్తాయి. ఆపై క్లిప్పర్‌తో గొరిగించడమే గతి.

లోపమూ ఉంది. ఒకేచోట పదేపదే గీస్తే చర్మం ఎర్రగా కందిపోతుంది. ముందు మీ ముంజేతి లోపలివైపు గీసి చూసుకోండి; ఆ బలంతో మీకు గుచ్చుకుంటే కుక్కకూ గుచ్చుకుంటుంది. మామూలుగా వారానికి 3, 4 సార్లు చాలు. 6 నుంచి 12 నెలల వయసులో, పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చేటప్పుడు మాత్రం రోజూ దువ్వాల్సిందే.